మందలు కలిసిన ఎండాకాలం

మొన్న ఆదోనిలో ఒక సభకు పిలిస్తే పోయాను. ముందువరుసలో కుర్చీ వేసి, భుజాన శాలువా కప్పి, మర్యాద బాగానే చేశారు. ఆ తర్వాత ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి మైకు ముందుకొచ్చి, జనమంతా గొర్రెలైపోయారని మొదలుపెట్టాడు. గొర్రెకు తల వంచుకుని మేయడం, ముందుదాని తోక చూసుకుంటూ నడవడం తప్ప ఇంకేమీ తెలియదట. దానికి సొంత బుద్ధి లేదట, ఇష్టాయిష్టాలు లేవట. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, "అయ్యా, మీరు ఒక్కనాడన్నా గొర్లు కాసినారా?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, నీళ్లు తాగి, మళ్లీ అదే మాట అందుకున్నాడు. పక్కన కూర్చున్నాయన నా పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. సభ ముగిసేదాకా ఉండలేకపోయాను. శాలువా కుర్చీ మీదే వదిలేసి ఎమ్మిగనూరు బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చినా కోపం దిగలేదు. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేసి, జరిగిందంతా మా ఇంటామెకు గట్టిగా చెప్పాను. వీధిలో పోయేవాళ్లు కూడా విన్నారనుకుంటాను. ఆమె చేటలో కొర్రలు చెరుగుతూ అంతా వింది. తర్వాత లేచిపోయి, అటక మీది పాత ట్రంకుపెట్టెలో వెతికి, ఒక కంచుగంట తెచ్చి నా ముందర పెట్టింది. "దీన్ని కొండబోయి ఆ మైకులో వాయించింటే సరిపోతుండె గదా. ఊరికే గొంతు సించుకుంటివి" అంది. గంట అంచున పచ్చగా చిలుం పట్టింది. తిప్పి చూస్తే లోపల నల్ల ఉన్ని పోగు ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన ఉన్ని, పుల్లమజ్జిగ, నమిలిన తుమ్మకాయ, ఈ మూడూ కలిసిన వాసన. అది నిజంగా గంటలో ఉందో, నా ముక్కే గుర్తు తెచ్చుకుందో చెప్పలేను గానీ, ఆ వాసన తగలగానే కోపం కాస్త సడలింది. మా అవ్వ గుర్తొచ్చింది. ఆ గంట మెడలో కట్టుకున్న బొల్లి గుర్తొచ్చింది.

అప్పట్లో మాది ఆదోని కొండ కింద ఒక వీధి. నాన్న జిన్నింగు మిల్లులో దూది బేళ్లు మోసేవాడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా దూది ఉండేది. మంద మాత్రం అవ్వది. నాన్నను కన్నతల్లి, సుంకమ్మవ్వ. తాత పోయాక చుట్టాలంతా కూర్చుని మందను అమ్మేయమని సలహా ఇస్తే, "మొగుడు పోతే గొర్లు కూడా పోవాల్నా?" అని కర్ర చేతికి తీసుకున్న మనిషి. ఆమెతోపాటు మందను తిప్పింది నేను. మీసం వచ్చినా, కర్ర భుజాన పెట్టుకుని నడిచినా, అవ్వకు మాత్రం "అంజిగా"నే. బడికి నేను పోయింది తక్కువ. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డును మంద దాటేటప్పుడు లారీలు ఆగిపోయేవి, డ్రైవర్లు తల బయటపెట్టి తిట్టేవాళ్లు. వాళ్ల తిట్లు వినపడనట్టు, ఆ లారీల మొహాల మీద రంగురంగులుగా రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి. తర్వాత మిల్లు గోడల మీది నినాదాలు, సినిమా బొమ్మల కాగితాలు, బెల్లం పొట్లాలు, దొరికిందల్లా చదివాను. అలా చదువుకున్నవాణ్ణి కాబట్టి ఎవరో మైకులో చెప్పారని దేన్నీ నమ్మను. గొర్రెల సంగతి అసలే నమ్మను, వాటిని నా కళ్లతో చూశాను.

పొద్దున మంచు ఆరేదాకా అవ్వ దడి తెరిచేది కాదు. తడిగడ్డి తింటే కడుపు ఉబ్బుతుందని ఆమె భయం. ఆ లోపల మేము జొన్నరొట్టె మీద పచ్చికారం పూసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్లం. అవ్వ తింటూనే మందలో నడుమ నడుమ తిరిగేది. ఏది నెమరు వేస్తోంది, ఏది వేయడం లేదు అని దవడలు చూసేది. నెమరు ఆగిన గొర్రె కనిపిస్తే చేతిలోని రొట్టె అక్కడే ఆగిపోయేది. దడి తీశాక ఎగబడి పరుగెత్తేవి పిల్లలే. పెద్దవి గాలి ఎటునుంచి వస్తోందో ముక్కెత్తి చూసుకుని, నిమ్మళంగా కదిలేవి. మేతకు దిగాక ఒక్కొక్కదానికి ఒక్కో రుచి. ఒకటి గరిక చిగురు తప్ప ముట్టదు. ఒకటి వేరుశనగ పీకిన చేలో రాలిన ఆకు కోసం ఊరంతా తిరుగుతుంది. ఇంకోదానికి పత్తి ఏరేసిన మోళ్ల మీద మిగిలిన పండుటాకంటే ప్రాణం. గొర్రె పైపెదవి నడుమ చీలిక ఉంటుంది. ఆ పెదవితో, ముల్లు తగలకుండా, రాళ్ల సందులోని పరకను మనం బియ్యంలో రాయి ఏరినంత ఒడుపుగా తీసుకుంటుంది. ఎంత ఆకలైనా పెంట పడిన గడ్డిని మూతితో నెట్టేసి పోతుంది. ఇష్టాయిష్టాలు లేవట! ఆ పెద్దమనిషి ఇంట్లో ఏమి వండితే అది తినే రకమేమో గానీ మా గొర్రెలు కాదు.

వాటికి స్నేహాలుండేవి. జంటగా మేసేవి ఎప్పుడూ జంటగానే మేసేవి. ఒకటి వెనకబడితే రెండోది నోట్లో గడ్డి పెట్టుకునే నిలబడి ఎదురుచూసేది. నల్లరేగడి చేలలో దూరంగా కృష్ణజింకల గుంపు వచ్చేది. కొమ్ములు మెలితిరిగిన పోతు ఒకటి ముందు, లేత రంగు ఆడవి వెనక. అవి తటాలున తలెత్తితే మా గొర్రెలు తలెత్తేవి. మా కుక్క మొరిగితే అవి తలెత్తేవి. ఒకరికొకరు ఏమీ కాకపోయినా కాపలా పంచుకునేవాళ్లలాగ ఉండేవి. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల చెట్టన్నది లేని చోట, గొర్రెలన్నీ గుండ్రంగా దగ్గరికొచ్చి ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడేవి. తల వంచుకున్నాయని నవ్వేవాళ్లు నవ్వనీ. ఎండలో ఎవరికీ ఏ నీడా లేనప్పుడు తన ఒంటి నీడను పక్కదానికి ఇచ్చి, ఇంకోదాని నీడలో తాను తల పెట్టుకోవడం నేను మనుషుల్లో ఇంకా చూడాల్సి ఉంది. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు, గంపల కింద ఉంచిన పసిపిల్లలన్నీ ఒక్కసారి అరిచేవి. ఇటునుంచి తల్లులన్నీ అరిచేవి. మన చెవికి అదంతా ఒకటే గోల. ఆ గోలలో ప్రతి తల్లీ తన బిడ్డ గొంతు పట్టుకుని తిన్నగా పోయి, తోక దగ్గర ఒకసారి వాసన చూసి, అప్పుడు పాలకు నిలబడేది. పొరపాటున పక్కింటి పిల్ల పొదుగులో మూతి పెడితే ఒక తాపు తన్నేది.

ఇక బొల్లి సంగతి. ఒళ్లంతా నలుపు, నుదుటినుంచి ముక్కు దాకా తెల్లటి పట్టె. అందుకే బొల్లి. కరువు ఏడాది ఎమ్మిగనూరు సంతలో ఒక కసాయాయన తోలుకొచ్చిన పిల్లల్లో అది నిలబడలేక పడిపోయి ఉంటే, అవ్వ దాన్ని కొని చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. మేకపాలు పట్టి బతికించింది. అప్పటికే దాని ఎడమ చెవికి ఎవరిదో గుర్తు కోసి ఉంది. ఎవరి మంద గొర్రెకు వాళ్ల గుర్తు చెవిలో కోయడం మా కాపర్ల పద్ధతి. కొన్న గొర్రె అయితే రెండో చెవికి మన గుర్తు కోయాలి. నాన్న కత్తి తెచ్చి ఇచ్చాడు కూడా. అవ్వ కత్తి పక్కన పెట్టేసింది. "ఇది కత్తి కిందనుంచి లేసొచ్చింది. దీనికి నేను మల్లీ కత్తి సూపీను" అంది. గుర్తు కోయలేదు గానీ మెడలో ఈ కంచుగంట కట్టింది. పెరిగాక మందకు అదే ముందు నడిచింది. కాలువ దాటాలన్నా, కొత్త చేలో దిగాలన్నా బొల్లి అడుగు వేస్తేనే మిగతావి వేసేవి. ఎందుకంటే అది పోయిన చోటల్లా మేత ఉండేది, నీళ్లుండేవి. అది చూసి వచ్చిన నమ్మకం, గుడ్డితనం కాదు. దానికి ఉన్న ఒకే ఒక్క బలహీనత తుమ్మకాయలు. ఎండాకాలం పండి రాలే తుమ్మకాయంటే గొర్రెలన్నిటికీ ఇష్టమే, బొల్లిది మాత్రం పిచ్చి. నేను దోటితో కొమ్మ కదిపిన చప్పుడు వింటే చాలు, ఎంత దూరంలో ఉన్నా, ఎంత మంచి మేతలో ఉన్నా, గంట గలగలలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చేది. ఒకసారి తుమ్మకాయలు పెట్టుకున్న నా జేబు చించేసింది, అంగీతో సహా.

ఎండాకాలం మందను గోనెగండ్ల వైపు తోలుకుపోయేవాళ్లం. పంటలు తీసిన చేలలో మంద కడితే, అంటే రాత్రుళ్లు అక్కడే ఆపితే, పెంటతో భూమికి బలం, రైతు ఇచ్చే జొన్నలతో మాకు కూడు. అక్కడ బసప్ప అనే రైతు మా అవ్వకు పాత పరిచయం. మందను చూస్తే పెండ్లికొడుకును చూసినట్టు ఎదురొచ్చేవాడు. ఆ ఏడాది ఆయన పక్కచేలో కోసిగి నుంచి మారెన్న అనే ఆయన మంద దిగింది. భార్య పోయిన మనిషి, మాట కరుకు. ఆయనకు ఒక్కతే కూతురు, మాదేవి. ఎక్కడో దూరపు చుట్టరికం తవ్వి తీసి, మారెన్న మా అవ్వను "అత్తా" అనడం మొదలుపెట్టాడు. అవ్వ వాళ్ల గుడిసెకు పోయి మజ్జిగ తాగి వచ్చి, "అంజిగా, పిల్ల బాగుందిరా. రొట్టె పల్సగ తడతాది" అంది. నేను రొట్టె చూడలేదు. కాలువ దగ్గర గొర్రెలకు నీళ్లు తాపేటప్పుడు మాదేవిని చూశాను. మందలో వెనకబడ్డ ఒక ముసలి గొర్రెను భుజంతో నెడుతూ, "నడు, నడు, మహారాణీ, పల్లకి తెప్పించల్ల నీకు?" అని తిడుతూ వస్తోంది. నన్ను చూసి, "ఏం సూస్తాండావు? ఒక సెయ్యెయ్యరాదా?" అంది. చెయ్యి వేశాను. బొల్లి తుమ్మకాయల పిచ్చి గురించి ఆమెకు నేనే చెప్పాను, చిరిగిన జేబు చూపించి. ఆమె చాలాసేపు నవ్వింది. వానలు పడగానే తాంబూలాలు అనుకున్నారు పెద్దవాళ్లు. నాకు అప్పటికి ఆ వానల కంటే కావలసింది ఇంకేమీ లేదు.

వాన తొందరపడింది. ఒక సాయంత్రం పడమటినుంచి దుమ్ము లేచి, ఆ వెనకే ఉరుములు, ముంగారు తొలకరి వాన. రెండు మందల చుట్టూ కట్టిన వలలూ తెగిపోయాయి. జీవాలన్నీ బెదిరి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటి వీపుల మీద మేము ఎర్రమట్టి జాజుతో పూసిన గుర్తులు కడుక్కుపోయాయి. ఇది కాపర్లకు కొత్త కాదు. తెల్లవారాక ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు నిలబడి ఎవరి కేక వాళ్లు వేస్తే, ఎవరి గొర్రెలు వాళ్ల వెంట పోతాయి. అలాగే చేద్దామని బొల్లి దగ్గరికి పోబోతుంటే, మారెన్న దాన్ని ఆపి ఎడమ చెవి తిప్పి చూశాడు.

"ఏమమ్మా, ఇది మా గుర్తు గదా" అన్నాడు. నిన్నటిదాకా అత్తా అన్న నోరు.

"మీదే అయ్యుండొచ్చులేప్పా. ఎమ్మిగనూరు సంతలో కసాయాయన దగ్గర కొనింటి. అప్పుడు ఇంతుండె" అని అవ్వ మోచెయ్యి చూపింది.

"కసాయికి పోయిన పిల్ల బతికొచ్చిందంటే ఎవురు నమ్ముతారు? కొనింటే నీ గుర్తు యాడ? కుడి సెవి సూడండప్పా, సొరకాయ మాదిరి నున్నగుండాది."

"కొయ్యబుద్ది కాల్యా."

"గొర్లు కాసేటామెకు సెవి కొయ్యబుద్ది కాలేదంట! ఇనండప్పా ఇనండి! నా మందలోనుంచి తప్పిపోయినదాన్ని గంట కట్టి దాసుకోని, ఇప్పుడు సంతంటావు, కసాయంటావు." పోగైన రైతుల ముందర ఆ మాట అనేశాడు. "దొంగసొత్తు తిరిగే ఇంటికి నా పిల్లనియ్యను, పో."

అవ్వ ఏడ్చే మనిషి కాదు, అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. కర్ర నేలకు ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టి, మారెన్నను చూస్తూ నిలబడిపోయింది. నాకు అది చూస్తే భయం వేసింది. బొల్లి పోతే మంద ముందుకు నడవదు. అవ్వ మీద దొంగ మాట నిలిస్తే ఆ తర్వాత ఏ రైతూ తన చేలో మంద కట్టనివ్వడు. ఇక నా వానల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాదేవి గుడిసె గుంజను పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

తగవు తీర్చింది బసప్ప. "మనుసులు సెప్పేది ఇంటే పొద్దుపోదు. గొర్రెనే అడుగుదాం" అన్నాడు. మందలను వేరు చేసి ఒకటి తూర్పు గట్టున, ఒకటి పడమటి గట్టున ఆపాలి. బొల్లిని నడుమ చేలో వదలాలి. ఏ మందలోకి పోయి నిలబడితే వాళ్లది. "కేకెయ్యగూడదు. ఈలెయ్యగూడదు. మేత సూపగూడదు. గంట ఇప్పేయండి, ఆ సద్దుకు మిగతావి కదుల్తాయి." అవ్వ గంట విప్పి ఒడిలో పెట్టుకుంది. ఆమెకు ధైర్యం వచ్చేసింది. చేతులతో పెంచిన జీవం ఎక్కడికి పోతుంది? నాకూ ధైర్యమే. బసప్పకైతే పండగ. రెండు మందలూ తన చేలోనే గదా పెంట వేస్తున్నాయి. "నిదానంగా కానీండప్పా, తొందరేముండాది" అంటూ, నవ్వు దాచుకోవడానికి తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బొల్లిని వదిలారు. అది ఇటూ చూడలేదు, అటూ చూడలేదు. వానకు తడిసిన చేలో అప్పుడే మెత్తబడిన గరిక మీద తల వంచి మేత మొదలుపెట్టింది. నాలుగు పరకలు తిని రెండడుగులు వేస్తుంది, మళ్లీ తింటుంది. మా వైపు వస్తే అవ్వ ఊపిరి బిగబట్టేది. అటు తిరిగితే మారెన్న మీసం మీద చెయ్యి వేసేవాడు. ఎండ ఎక్కింది. ఎవరో బొరుగుల ఉగ్గాని తెచ్చి పెట్టినా ఎవరికీ ముద్ద దిగలేదు, బసప్పకు తప్ప. ఆ సమయంలో మాదేవి గుడిసెలోనుంచి ఆ ముసలి గొర్రెను బయటికి తెచ్చింది. బూడిది దాని పేరు, రంగుకు తగినట్టే. పళ్లు అరిగిపోయి మందతో మేయలేదు. వానలో తడుస్తుందని రాత్రంతా లోపల కట్టేసి ఉంచారు. మాదేవి దాన్ని పడమటి గట్టు మీద నిలబెట్టి, ఒళ్లో మూటతో పక్కన కూర్చుంది. "ఒళ్లో ఏందమ్మా అది? మేత సూపగూడదు అన్యా గదా" అని బసప్ప అరిచాడు. "ముసల్దానికి ఆకు పెదనాయనా, మెత్తంది" అని ఆమె అరిచింది.

అప్పుడు బూడిది ఒక్కసారి అరిచింది. పెద్ద అరుపు కాదు. నోరు తెరవకుండా గొంతులోనే గురగురమనే అరుపు. కన్నబిడ్డ దగ్గర తప్ప గొర్రె ఆ గొంతు వాడదు. బొల్లి మేత ఆగిపోయింది. పెదవి సందున గరిక పోచ వేలాడుతూ ఉంది. తలెత్తి, చెవులు నిక్కించి, గాలి వాసన చూసింది. మళ్లీ ఆ అరుపు. ఈసారి బొల్లి జవాబిచ్చింది. ఈని పిల్లల్ని పెంచిన పెద్ద గొర్రె, గంపకింది పసిపిల్ల గొంతుతో "మే" అంది. అని, నిలబడక, చేనంతా అడ్డంగా పరుగెత్తింది. గట్టెక్కి బూడిది కడుపు కింద తల దూర్చింది. ముసలిది దాని తోక దగ్గర వాసన చూసి, చెవులు నాకడం మొదలుపెట్టింది.

మారెన్న గెలిచాడని అక్కడున్నవాళ్లు గోల చేశారు. మారెన్న మాత్రం నడిచిపోయి ఆ రెండిటి ముందర గొంతుకూర్చున్నాడు. ఆయన మొహం మారిపోయింది. "ఈ అరుపు నేను ఇన్న్యా" అన్నాడు. "కరువులో దీని పిల్లను నా సేతుల్తో నేనే కసాయికి అమ్మితి. ఇది దడికాడ నిలబడి ఇట్లే అరిసె. గొంతు పోయేదాకా అరిసె. మా ఇంటామె నాకు కూడు పెట్టలేదు ఆ పొద్దు." తలెత్తి మా అవ్వను చూశాడు. "తప్పిపోయిన గొర్రె కాదు ఇది. నేను అమ్మిందే. నువ్వు కొనిందే. అత్తా, నేనన్న మాట ఎనక్కి తీసుకుంటాండా."

ఆ "అత్తా" మాట విని అవ్వ ఒడిలోని గంటను కొంగుతో తుడిచింది. "మాటది ఏముండాదిలేప్పా. ముందు నీ గొర్రెను నాకేది ఆపమను. నేను కొయ్యని సెవి అది అరగదీసేట్టుంది" అంది.

అందరూ నవ్వుతుండగానే వెనకనుంచి చప్పుడు. తిరిగి చూస్తే మా మంద మొత్తం తూర్పు గట్టు దిగి చేనుకు అడ్డం పడి వస్తోంది. గంట లేకపోయినా, పిలుపు లేకపోయినా, బొల్లి ఎక్కడుంటే అక్కడికి. వచ్చి మారెన్న మందలో కలిసిపోయింది. "తోలుకపో అత్తా, నీ గొర్రె నీదే" అని మారెన్న బొల్లిని మా వైపు లాగాడు. నాలుగడుగులు వచ్చి వెనక్కి పరుగెత్తింది. నేను లాగాను. మంద మొత్తం నాతో ఇటు వచ్చింది, దాంతో మళ్లీ అటు పోయింది. బూడిదిని మా వైపు తెస్తే ఈసారి మారెన్న మంద కూడా కదిలి వచ్చింది. బసప్ప గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "తోలండప్పా, బాగ తోలండి! నా సేనంతా తొక్కించండి!" సాయంత్రానికి అందరం అలిసిపోయాం, గొర్రెలు తప్ప.

"మారెన్నా, గొర్లు మాట కలుపుకున్నాయి. ఇంగ మనమేం సేద్దామంటావు?" అంది అవ్వ.

"వాటికంటే మనకేం ఎక్కువ తెల్సులే అత్తా" అన్నాడు మారెన్న.

మిగిలిన ఎండాకాలమంతా రెండు మందలూ ఒకటిగానే మేశాయి. వానలు కుదురుకున్నాక బసప్ప ఎద్దుల కొట్టం ముందర, నల్ల ఉన్ని కంబడి పరిచి, దాని మీద మాదేవిని నన్ను కూర్చోబెట్టి పెండ్లి చేశారు. బొల్లి వచ్చి తోరణాలకు కట్టిన మామిడాకులు అందినంతవరకు తినేసింది. పురోహితుడు "హే, హే" అంటూ మంత్రం మధ్యలో లేచి దాన్ని తరిమాడు. అవ్వ గంటను మాదేవి చేతిలో పెట్టి, "ఇంగ మంద నీది. ఈ అంజిగాడు కూడా మందలోనే లెక్క" అంది.

ఇప్పుడు ఆ వైపు పోతే నాకు కడుపు మండుతుంది. పత్తి చేలకు కొట్టే మందు వల్ల మోళ్ల మీద గొర్రెను వదలడానికి కాపరి భయపడతాడు. మందలను లారీల్లో కుక్కి తీసుకుపోతారు. ఏ తల్లి ఏ పిల్ల అన్నది చూసేవాడు లేడు. కాలువ గట్టున తుమ్మచెట్లు నరికి ఫ్లెక్సీలు కట్టే గుంజలు చేశారు. ఆ ఫ్లెక్సీల మీద ఆ పెద్దమనిషి మొహమే ఉంటుంది కాబోలు. కృష్ణజింకలు మాత్రం ఇంకా వస్తాయి. పంట తింటున్నాయని రైతులు తిడతారు. వాళ్ల బాధ వాళ్లది, కాదనను. కానీ ఒకటి తలెత్తితే ఇంకొకటి తలెత్తే ఆ కాపలా ఉంది చూడండి, అది చేలలో తగ్గింది, ఊళ్లలో అసలు లేదు. ఇదంతా గంటను తుడుస్తూ మా ఇంటామెకు చెప్పాను. ఆఖర్న, "సొంత బుద్ధి లేదంట! ఆ రోజు బొల్లి సొంత బుద్ధితో తల్లి దగ్గరికి పోలేదా? నువ్వు సూల్యా మాదేవీ?" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "ఆ పొద్దు నా ఒళ్లో ఏముండె?"

"ముసల్దానికి ఆకు."

"తుమ్మకాయలు."

నాకు అర్థం కాలేదు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది, కాలువ దగ్గర నవ్విన నవ్వే. "బొల్లి మా పక్కకు రావాలని పెట్టుకుంటి. మా నాయిన పంతం నెగ్గితే కోపం దిగుతాది. దిగితే బతిమిలాడి మీ అవ్వను పిలిపించుకుందును. అవ్వొస్తే ఎనకాల నువ్వొస్తావు గదా. ఒకటే అనుకుంటి, నా బతుకు ఆ కాయల్లో ఉండాదని. పండ్లు అరిగిన గొర్రెకు తుమ్మకాయలు యాడన్నా పెడతారా? కంటితో సూసినా, కంటితో సూసినా అని మీటింగుల్లో అరుస్తావే, నా ఒళ్లో ఉండేది సూడకపోతివి."

"మరి బొల్లి తిన్నదా?" అని అడిగాను. ఇన్నేళ్లూ నేను చెప్పుకున్న కథ ఆ జవాబు మీద నిలబడి ఉంది.

"యాడ తినె! మూట ఇప్పి మూతికాడికి పెడితి. నీ జోబు సింపిన బొల్లే గదా, వాసన కూడా సూల్యా. నన్ను దాటుకోని తల్లి దగ్గరికి పోయె. కాయలన్నీ తర్వాత పారబోస్తి."

ఇంత వయసులో ఎగిరి గంతేస్తే బాగుండదని ఊరుకున్నాను. బొల్లి తుమ్మకాయలను కాదని తల్లి దగ్గరికి పోయింది. మాదేవి నా కోసం తుమ్మకాయలు మూటగట్టింది. ఒకే రోజు ఈ రెండూ జరిగాయి, నాకు సగమే తెలిసింది. ఆ సభవాళ్లు పిలవకపోయినా మళ్లీ పోతాను, మైకు లాక్కుని అయినా చెబుతాను అన్నాను. ఆమె వినిపించుకోకుండా వంటింట్లోకి పోయింది. నేను గంట చేతిలోకి తీసుకుని ఒకసారి ఆడించాను. చిలుం పట్టినా గొంతు పోలేదు.

"ఇనపడిందిలే" అంది ఆమె లోపలినుంచి. "తుమ్మకాయలు లేవుగానీ రొట్టె ఉండాది, దా."

తల వంచుకుని ఆమె పిలిచిన వైపే పోయాను.